‘యెరూషలాయిమ్ షెల్ జహవ్’: 1945 దృశ్యంలో 1967 పాట

‘షిండ్లర్స్ లిస్ట్’ (1993) సినిమా చివర వినిపించే హీబ్రూ పల్లవి మీద చర్చకు పిలుస్తున్నాను. 1945 మే నెల, యుద్ధం ముగిసింది. నాజీల నుంచి షిండ్లర్ అనే కర్మాగార యజమాని కాపాడగా విడుదలైన యూదు కార్మికులు పొలాల మీదుగా నడిచి వస్తుంటారు. తెర ఇంకా నలుపు తెలుపుల్లోనే ఉండగా బృందగానం అందుకుంటుంది: ‘యెరూషలాయిమ్ షెల్ జహవ్’, బంగారు యెరూషలేము.

నయోమీ షెమెర్ రాసిన ఈ పాటను తొలిసారి పాడింది 1967 మే 15న. మూడు వారాలకు ఇజ్రాయెల్‌కూ అరబ్బు దేశాలకూ మధ్య ఆరు రోజుల యుద్ధం మొదలైంది. పాత యెరూషలేమును పట్టుకున్న ఇజ్రాయెల్ సైనికులు దీన్నే పాడారు. ఇజ్రాయెల్ ప్రేక్షకుడికి ఇది వినగానే ఆ జూన్ గుర్తుకు రాక తప్పదు. అక్కడ విడుదల చేసిన ప్రతిలో దీన్ని తీసేసి, యూదు కవయిత్రి హన్నా సెనెష్ 1942లో రాసిన ‘ఏలీ, ఏలీ’ పెట్టారు.

బయటివాళ్ళకు అతుకు కనబడకపోవడానికి కారణం పల్లవిలోని మాటల వయసు. యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తల్మూదులో, రబ్బీ (మతగురువు) అకీవా నిరుపేదగా ఉన్న రోజుల్లో, భార్య జుట్టులోని గడ్డిపరకలు ఏరుతూ ‘నాకు కలిగితే నీకు బంగారు యెరూషలేము పెడతాను’ అంటాడు. అది స్త్రీలు తలకు పెట్టుకునే నగ. ‘నీ పాటలకు నేను కిన్నోర్‌ను (తీగవాద్యాన్ని)’ అన్న భావమేమో 12వ శతాబ్దపు కవి యెహూదా హలేవీది.

— కిన్నోర్ అనగానే మన కిన్నెర గుర్తొచ్చింది. చుట్టరికం ఉందా?

— ధ్వని పోలిక ఒక్కదానితో చుట్టరికం కలపలేమండీ. 137వ కీర్తనలోని మాట మాత్రం ఇదే. తెలుగు బైబిలు ‘నిరవంజి చెట్లకు మన సితారాలు తగిలించితిమి’ అంది. ఆధునిక హీబ్రూలో కిన్నోర్ అంటే వయొలిన్.

— పాటను తెర మీద ఎవరూ పాడలేదు కదండీ! క్షణాల్లో రంగులు వస్తాయి, యెరూషలేములోని షిండ్లర్ సమాధి దగ్గరికి, మన కాలానికి చేరతాం. అది రెండు కాలాలకూ వంతెన. తప్పెలా అవుతుంది?

— వంతెన సరేనండీ, ఏ ఒడ్డుకు వేశారన్నదే నా పేచీ. ఇదే సినిమాలో పోలండులోని క్రాకోలో నాజీలు యూదులను నిర్బంధించిన పేటను, అంటే ఘెట్టోను ఖాళీ చేయించే ఘట్టంలో పిల్లల గొంతులు ‘ఓయ్ఫ్న్ ప్రిపెచిక్’ పాడతాయి. 1907లో మరణించిన మార్క్ వర్షవ్‌స్కీ యిడ్డిష్‌లో, అంటే తూర్పు ఐరోపా యూదుల భాషలో, రాసిన పాట అది. పొయ్యి పక్కన అక్షరాలు దిద్దే పిల్లల గురించి. ఆ ఊరి యూదుల్లో చాలామందికి ఇంటి భాష యిడ్డిషే. ప్రార్థనల్లో పలికే హీబ్రూలో కూడా ‘జహవ్’లోని ‘అ’లు ‘ఒ’, ‘ఉ’ల వైపు జరిగేవి. చివరి బృందగానంలో వినిపించేది ఇజ్రాయెల్ ఉచ్చారణ. తేదీ తప్పు కన్నా నాకు ఇదే ఎక్కువ గుచ్చుకుంది: ఆ పొలంలో నడిచేవాళ్ళలో అందరూ యెరూషలేము చేరలేదు, పాట మాత్రం అందరినీ అక్కడికే నడిపించింది.