పీడియాట్రిక్స్ ఎండీ తర్వాత హెమటో ఆంకాలజీ: డీఎమ్మా, ఎఫ్‌ఎన్‌బీనా? సెంటర్ ఎలా చూసుకోవాలి?

పీజీ_ఫైనలియర్:
అందరికీ నమస్కారం. ఎండీ చివరి ఏడాదిలో ఉన్నాను. పిల్లల కేన్సర్, రక్తవ్యాధుల వైపే వెళ్లాలనుకుంటున్నాను. డీఎం, ఎఫ్‌ఎన్‌బీ, ఆసుపత్రులు సొంతంగా ఇచ్చే ఫెలోషిప్‌లు, వీటిలో తేడా ఏమిటి? కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టేముందు సెంటర్ గురించి ఏం అడగాలి? చేరేలోపు ఏం చదువుకోవాలి? అమెరికా దారి తెలిసినవాళ్లు అది కూడా చెప్పండి.

డీఎం_పీహెచ్‌ఓ:
ముందు కాగితం సంగతి. డీఎం అంటే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ, మూడేళ్లు. నీట్ ఎస్‌ఎస్ ప్రవేశపరీక్ష రాయాలి; ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి వాటికి ఐఎన్‌ఐ ఎస్‌ఎస్ అని వేరే పరీక్ష. ఎఫ్‌ఎన్‌బీ (నేషనల్ బోర్డు ఫెలోషిప్) రెండేళ్లు, ఆ బోర్డు ఎన్‌బీఈఎంఎస్ పెట్టే ఫెట్ పరీక్ష ద్వారా. ఆసుపత్రుల సొంత ఫెలోషిప్‌లలో పని బాగా నేర్పేవి ఉన్నాయి, కానీ నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) లెక్కలోకి రావు. మెడికల్ కాలేజీలో సూపర్ స్పెషాలిటీ పోస్టు మీద ఆశ ఉంటే డీఎంకే మొగ్గండి.

సెంటర్ విషయంలో పేరు, ఊరు పక్కనపెట్టి, అక్కడ ఇప్పుడు చేస్తున్నవాళ్లకి ఫోన్ చేయండి. కొత్త లుకేమియా కేసు రాత్రి 11కి వస్తే స్మియర్ (గాజుపలక మీద పరిచిన రక్తం) ఎవరు చూస్తారు? ఫెలో (అక్కడ శిక్షణలో ఉన్న డాక్టరు) స్వయంగా మైక్రోస్కోపు ముందు కూర్చుంటాడా, పొద్దున రిపోర్టు చదువుతాడా? ఫ్లో సైటోమెట్రీ (కణాల రకం తేల్చే పరీక్ష) బయటికి పంపినా ఫరవాలేదు, ఆ గ్రాఫులు పక్కన కూర్చోబెట్టుకుని చూపించే పాథాలజిస్టు ఉన్నారా? సాలిడ్ ట్యూమర్ల (గడ్డగా వచ్చే కేన్సర్ల) పిల్లలకి సర్జన్, రేడియోథెరపీ డాక్టరు ఒకచోట కూర్చుని నిర్ణయిస్తారా? ఎముక మజ్జ ట్రాన్స్‌ప్లాంట్ పోస్టింగ్ ఎన్ని నెలలు? చివరగా, చికిత్స మధ్యలో మానేసిన పిల్లలు ఎంతమందో చెప్పగలరా? రానివాళ్లకి ఎవరు ఫోన్ చేస్తారు, ఆరోగ్యశ్రీ కాగితాలు ఎవరు చూస్తారు? ఈ లెక్క దగ్గరుంచుకున్న యూనిట్ మిగతా పనులూ శ్రద్ధగా చేస్తుందని నా నమ్మకం.

ఆంకో_వార్డు:
పైన చెప్పిన వాటికి ఇంకొకటి కలపండి: వెన్నులో ఇచ్చే మందు దగ్గర వాళ్ల పద్ధతి ఏమిటి?

విన్‌క్రిస్టిన్ అనే కేన్సర్ మందు సిరలోకే ఇవ్వాలి. మోతాదు 1.5 మి.గ్రా. ప్రతి చదరపు మీటరుకి, గరిష్ఠం 2 మి.గ్రా. అది పొరపాటున వెన్నులోకి వెళితే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది. సిరంజిలో ఉంటే, వెన్నులో ఇచ్చే మెథోట్రెక్సేట్ సిరంజితో తారుమారయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే దాన్ని 50 మి.లీ. సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వాలి. బ్యాగును ఎవరూ ఎల్‌పీ (వెన్నులోకి గుచ్చే) సూదికి తగిలించరు. ఇంకా సిరంజిలోనే తెచ్చే వార్డయితే, ఎందుకని అడగండి.

మన ప్రోటోకాల్స్‌లో ఎక్కువగా వెన్నులో మెథోట్రెక్సేట్ వయసును బట్టే: ఏడాది నుంచి రెండేళ్లలోపు 8 మి.గ్రా., మూడేళ్లలోపు 10, ఆపైన 12. శరీర వైశాల్యం లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే సీఎస్‌ఎఫ్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) పరిమాణం మూడేళ్లకే దాదాపు పెద్దవాళ్లంత అవుతుంది.

మొదటి ఎల్‌పీ చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. రక్తంలో బ్లాస్టులు (లుకేమియా కణాలు) ఉన్నప్పుడు సూది రక్తనాళానికి తగిలితే అవి సీఎస్‌ఎఫ్‌లోకి చేరతాయి, తర్వాత అక్కడ జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. కొత్త ఫెలో చేత అదే మొదట చేయించే చోటు నాకు నచ్చదు. ఛాతీ ఎక్స్‌రేలో మీడియాస్టైనల్ మాస్ (ఛాతీ మధ్యలో గడ్డ) ఉంటే మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెట్టకూడదు, శ్వాసనాళం మూసుకుపోతుంది.

చేరేలోపు పీజీగానే చేయగలిగిన మేలు ఒకటుంది. కీళ్లనొప్పులనో, ప్లేట్‌లెట్లు తగ్గాయనో వచ్చిన పిల్లల్లో లుకేమియా అనుమానం ఉంటే, మ్యారో (ఎముక మజ్జ) చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టనివ్వకండి. లుకేమియా కొన్ని వారాలు దాక్కుంటుంది, రిస్క్ గ్రూపు లెక్కా పాడవుతుంది.

థలసీమియా_క్లినిక్:
అందరూ ఆంకాలజీ మాటే. పేరులో సగం హెమటాలజీ ఉంది కదా! నెలనెలా వచ్చే థలసీమియా పిల్లలు లేని సెంటర్‌లో ఆ సగం రాదు.

చూడాల్సినవి ఇవి. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చూపే పరీక్ష) మొదటి రక్తం ఎక్కించేముందే చేయాలి. ఎక్కించాక చేస్తే దాత హిమోగ్లోబిన్ కూడా కలిసి లెక్క తప్పుతుంది. సీ, ఈ, కెల్ అనే రక్తగ్రూపు యాంటిజెన్లూ మొదట్లోనే చూసి రాసిపెట్టాలి. ఎక్కించేముందు హిమోగ్లోబిన్ 9.5 నుంచి 10.5 మధ్య నిలపాలి. సుమారు 10 నుంచి 20 సార్లు ఎక్కించాక, లేదా ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే పరీక్ష) 1000 దాటాక కీలేషన్ (ఎక్కువైన ఇనుమును బయటికి పంపే మందు) మొదలు.

మన ఆదిలాబాద్, అల్లూరి జిల్లాల ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది. దానికి వాడే హైడ్రాక్సీయూరియా మందు నడపడం, ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ (మెదడు రక్తనాళాల్లో రక్తవేగం చూసే స్కాన్) చదవడం నేర్చుకుని రండి. వేగం సెకనుకి 200 సెం.మీ. లేదా ఆపైన ఉంటే పక్షవాతం రాకుండా క్రమంగా రక్తం ఎక్కించే దారిలో పెట్టాలి.

పీడ్స్_యూఎస్:
అమెరికా సంగతి క్లుప్తంగా. ఇక్కడి ఎండీ ఉన్నా, సాధారణంగా అక్కడ మూడేళ్ల పీడియాట్రిక్స్ రెసిడెన్సీ మళ్లీ చేయాలి, ఆపైన ఫెలోషిప్ మూడేళ్లు. మొదటి ఏడాది ఎక్కువగా వార్డు, తర్వాత రెండేళ్లు ఎక్కువగా పరిశోధన. కాబట్టి ఏ ప్రశ్న మీద పనిచేస్తారో ఇంటర్వ్యూలోనే అడుగుతారు. జే-1 వీసా మీద వెళితే రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంటుంది, దానికి మినహాయింపు సంపాదించడం పెద్ద పని.

పీజీ_ఫైనలియర్:
అందరికీ ధన్యవాదాలు. ఆంకో వార్డు సార్, ట్యూమర్ లైసిస్‌లో (కేన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలినప్పుడు) యూరిక్ యాసిడ్ తగ్గించే రాస్‌బ్యూరికేస్ ఇచ్చేముందు జీ6పీడీ (ఎర్రకణాల్లోని ఎంజైమ్) రిపోర్టు కోసం ఆగాలా?

ఆంకో_వార్డు:
వీలైతే ఆగాలి. జీ6పీడీ లోపం ఉంటే ఎర్రకణాలు పగిలిపోతాయి, ఆక్సిజన్ మోయలేని మెట్‌హిమోగ్లోబిన్ పెరుగుతుంది. దానికి వాడే మిథిలీన్ బ్లూ కూడా ఆ పిల్లలకి ఇవ్వలేం. అందుకని శాంపిల్ రక్తం ఎక్కించేముందే తీయండి, లేకపోతే దాత కణాల వల్ల నార్మల్ అని వస్తుంది. ఈలోపు పొటాషియం లేని ద్రవాలు రోజుకి చదరపు మీటరుకి సుమారు 3 లీటర్లు, అల్లోప్యూరినాల్, మూత్రం లెక్క. రాస్‌బ్యూరికేస్ ఇచ్చాక యూరిక్ యాసిడ్ శాంపిల్‌ని ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబ్‌కి పంపండి. బయట ఉంచితే ట్యూబులో కూడా మందు పనిచేస్తూనే ఉంటుంది, విలువ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.