సూపర్‌నోవాలతో కొలిచిన దూరాలను ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: బీఎస్సీ ఫైనలియర్, విజయనగరం

అందరికీ నమస్కారం. వచ్చే వారం కాలేజీలో నా సెమినార్ ఉంది, టాపిక్ టైప్ 1ఎ సూపర్‌నోవాలు, అంటే శ్వేత కుబ్జాలనే చిన్న, దట్టమైన ముసలి నక్షత్రాల పేలుళ్లు. ఇవన్నీ ఒకే వెలుగుతో పేలతాయి, ఎంత మసగ్గా కనిపిస్తే అంత దూరం అని నోట్సులో ఒక్క ముక్కలో తేల్చేశారు. కానీ 1991లో కనిపించిన వాటిలో ఒకటి మరీ కాంతిమంతం, ఇంకొకటి మరీ మసక అని వేరేచోట చదివాను. ఒకేలా లేనివాటితో దూరం ఎలా కొలుస్తారు? 2011 ఫిజిక్స్ నోబెల్ కూడా వీటి మీదే కదా! ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫిజిక్స్ టీచర్, టెక్కలి

అమ్మా, పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నావు. నోట్సులో ఆ మాట సరికాదు. 1991టి బాగా వెలిగింది, 1991బీజీ వెలవెలబోయింది. ఈ తేడాకు ఒక పద్ధతి ఉందని 1993లో ఖగోళ శాస్త్రవేత్త మార్క్ ఫిలిప్స్ చూపించాడు. ఎక్కువ వెలిగేవి నెమ్మదిగా తగ్గుతాయి, మసకవి గబగబా తగ్గిపోతాయి. అంటే గరిష్ఠ వెలుగు నుంచి 15 రోజుల్లో ఎంత తగ్గిందో చూస్తే, దూరం తెలియకుండానే దాని అసలు వెలుగు అంచనాకు వస్తుంది.

ఇది చదివితే చాలదు, గీసి చూడాలి. 2011 ఆగస్టులో ఎం101 గెలాక్సీలో, సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, 2011ఎఫ్‌ఈ కనబడింది. మా పిల్లల చేత గ్రాఫ్ పేపరు మీద దాన్నే గీయిస్తాను. అడ్డంగా రోజులు, నిలువుగా మాగ్నిట్యూడ్, అంటే వెలుగును చెప్పే అంకె. అంకె పెరిగితే మసక కాబట్టి నిలువు అక్షాన్ని తలకిందులుగా రాయాలి, చాలామంది తడబడేది అక్కడే. గరిష్ఠం దాదాపు 10 దగ్గర వస్తుంది. నీలి కాంతిలో 15 రోజులకు వెలుగు సుమారు 1.1 మాగ్నిట్యూడ్ తగ్గుతుంది.

ఈ వెలుగంతా పేలుడులో పుట్టిన నికెల్-56 ఇచ్చేదే. దాని అర్ధాయువు 6 రోజులు. అది కోబాల్ట్-56గా, చివరికి ఇనుముగా మారుతుంది. నికెల్ ఎక్కువుంటే వెలుగూ ఎక్కువే, వేడెక్కిన పదార్థంలోంచి కాంతి బయటపడడానికి సమయమూ ఎక్కువే.

ధూళి ఇంకో చిక్కు. ఎం82 గెలాక్సీలోని 2014జె దట్టమైన ధూళి వెనక పేలింది. అలాంటిది ఎర్రబారి, మసకబారి, ఉన్నదానికంటే దూరంగా అనిపిస్తుంది. అందుకే రంగును కూడా కొలిచి సరిచేస్తారు. ఇవన్నీ చేశాక ఒక్కో సూపర్‌నోవాకు మిగిలే తేడా సుమారు 0.15 మాగ్నిట్యూడ్, అంటే దూరంలో 7 శాతం.

జవాబు: పలాస నుంచి

మాస్టారూ, ఒక డౌట్. అవి ఎలా పేలతాయో ఇంకా పూర్తిగా తేలలేదు కదా? శ్వేత కుబ్జం పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కుని, బరువు సూర్యుడికి దాదాపు 1.4 రెట్లయ్యాక పేలుతుందని కొందరు, రెండు శ్వేత కుబ్జాలు కలిసిపోతే పేలుతుందని కొందరు అంటున్నారు. మూలమే తెలియనిదాన్ని కొలబద్దగా ఎలా వాడతాం?

జవాబు: ఫిజిక్స్ టీచర్, టెక్కలి

మంచి ప్రశ్న బాబూ. ఫిలిప్స్ సంబంధం సిద్ధాంతం నుంచి రాలేదు, దగ్గరివాటిని కొలిస్తే వచ్చింది. మూలం తేలకపోయినా అది నిలబడుతుంది. నాకు నిజంగా ముఖ్యమనిపించే సందేహం ఒకటుంది. 500 కోట్ల ఏళ్ల కిందటి నక్షత్రాల్లో బరువైన మూలకాలు తక్కువ. అప్పటి పేలుళ్లకూ ఇదే సంబంధం అచ్చంగా వర్తిస్తుందా? బరువైన గెలాక్సీల్లోవి సరిచేశాక కూడా కాస్త ఎక్కువ వెలిగినట్టు ఇప్పటికే కనబడుతోంది.

అమ్మా, నోబెల్ సంగతి. కళింగపట్నం లైట్‌హౌస్ దీపం ఎన్ని వాట్లో తెలియకపోయినా, వెలుగు నాలుగో వంతుకు తగ్గితే నువ్వు రెట్టింపు దూరం వెళ్లావని చెప్పగలవు. విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో రెండు బృందాలు చెప్పడానికి ఇలాంటి పోలికే సరిపోయింది. విశ్వం ఇప్పుడు ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకానికి మాత్రం వాట్లు, అంటే అసలు వెలుగు, కావాలి. అవి క్రమంగా వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే సెఫీడ్ నక్షత్రాల నుంచి, సెఫీడ్‌ల లెక్క పారలాక్స్ (భూమి కదలికతో నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం) నుంచి వస్తాయి. ఆ దారిలో మెగాపార్సెక్ దూరానికి సెకనుకు 73 కి.మీ. వస్తోంది, విశ్వం తొలినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్కలో 67.4. సెఫీడ్‌ల దగ్గర పొరపాటుంటే సూపర్‌నోవాలన్నీ ఒకే వైపు జరుగుతాయి, వెయ్యింటిని కొలిచినా అది పోదు.

సెమినార్‌లో 2011ఎఫ్‌ఈ పక్కనే 1991బీజీని కూడా గీయి. గరిష్ఠాలు రెండూ ఒకే రోజు మీద పడేలా జరుపు, వాలు తేడా వెనక బెంచీకి కూడా కనిపిస్తుంది.