సమస్యాపూరణం: చేయి గెలిపించెఁ గాలితోఁ జేయు నాట

నిర్వాహకుడు (2022 డిసెంబరు 9, శుక్రవారం, సాయంత్రం 5:05)
మాండూస్ తుపాను ఈ రాత్రి మహాబలిపురం దగ్గర తీరం దాటుతుందంటున్నారు. తిరుపతిలో మా వీధి ఇప్పటికే తడిసి ముద్దయింది. నా ప్రాణం మాత్రం ఖతార్‌లో, ఫుట్‌బాల్ ప్రపంచకప్ దగ్గర ఉంది. 8:30కి బ్రెజిల్, క్రొయేషియా. 12:30కి అర్జెంటీనా, నెదర్లాండ్స్. క్వార్టర్ ఫైనల్ కదా, ఓడితే ఇక ఇంటికే. పొద్దున కాఫీ కలుపుతుంటే ఈ పాదం తట్టింది, దించేస్తున్నాను. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

చేయి గెలిపించెఁ గాలితోఁ జేయు నాట

నీవానది (6:20)
నూట యిరువది నిమిషాలు నోరు మూసి
గోడ గడియారమునుఁ జూడ గుండె యదరె;
రోమెరో యాపెఁ దన్నులన్ రొండు మార్లు;
చేయి గెలిపించెఁ గాలితోఁ జేయు నాట.

2014 ప్రపంచకప్ సెమీఫైనల్. ఇవే అర్జెంటీనా, నెదర్లాండ్స్. 120 నిమిషాలాడినా 0–0. పెనాల్టీ షూటౌట్‌లో వ్లార్ తన్నిన బంతినీ, స్నైడర్ తన్నిన బంతినీ మన గోల్‌కీపర్ రొమేరో ఆపేశాడు, 4–2తో అర్జెంటీనా ఫైనల్ చేరింది. మాకు అప్పటికి తెల్లవారబోతోంది. చిత్తూరులో మా మిద్దె మీద నేనొక్కడినే అరిచాను. ఇవాళ కూడా అలాగే తెల్లవారాలని ఉంది.

కపిలతీర్థం (6:41)
నీవానది గారూ, మొదటి పాదం నిజంగా బాగుంది. ఎక్స్‌ట్రా టైం చూసినవాడికే ‘నోరు మూసి’ అన్న మాట దొరుకుతుంది. మూడో పాదం దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. ఆయన పేరు రొమేరో. పాదం మొదట రావాల్సిన సూర్యగణం కోసం ముందుకు దీర్ఘం తెచ్చారు, పరాయి పేరు కనుక పోనిద్దాం. ఈ ‘రొండు’ ఏమిటి? ‘రెండు’ అంటే పాదం మొదటి అక్షరం రోతో కలవదు, యతి కుదరదు కాబట్టేగా? పోయిన వేసవిలో నా తోతాపురి పద్యంలో ‘పులుపు’కు ‘పెంచి’ వేశానని, ఉకారానికి ఎకారం మైత్రి ఎక్కడిదని మూడు రోజులు నన్ను నిలబెట్టింది మీరే. నేను తప్పు చేశాను, ఒప్పుకున్నాను. మీరు మాటనే మార్చేసి గట్టెక్కారు.

నీవానది (6:58)
మార్చలేదు సామీ. మా సంతపేటలో ఎవరిని అడిగినా రొండు అనే అంటారు. మా అమ్మ నోట విన్న మాట అది. మీ మామిడి పద్యం సంగతంటారా, యతి తప్పిందన్నాను కానీ గుజ్జు ఫ్యాక్టరీ ముందు రాత్రంతా ట్రాక్టరు మీద కాచుకున్న రైతును అంత బాగా చూపినవాళ్లు ఇక్కడ ఇంకెవరూ లేరని కూడా అన్నాను. అది మీరు మర్చిపోయారు.

అలిపిరి మెట్టు (7:10)
అన్నా, మామిడికాయలు జూన్‌లో మాట్లాడుకుందాం. నాది చూడండి.

వేడి జూనున మెక్సికో వీధు లదర
పొట్టివాఁ డెగిరెను బంతి పోవు దెసకు;
కానలేదయ్యెఁ దీర్పరి కన్ను దాని;
చేయి గెలిపించెఁ గాలితోఁ జేయు నాట.

నీవానది (7:22)
మారడోనా పేరెత్తకుండా మారడోనాను నిలబెట్టావు తమ్ముడూ. గణాలన్నీ చక్కగా పడ్డాయి. రిఫరీకి ‘తీర్పరి’ కూడా నచ్చింది. ఒక్క అనుమానం. 1986 జూన్ 22న ఇంగ్లండ్ మీద చేత్తో వేసిన గోలు తర్వాత నాలుగు నిమిషాలకే తన సగం నుంచి బంతి తీసుకెళ్లి ఒంటరిగా ఇంకొకటి వేశాడు. అది కాలి మహిమే కదా? గెలిపించింది చెయ్యే అంటే ఆ కాలికి అన్యాయం జరగదా?

అలిపిరి మెట్టు (7:26)
స్కోరు 2–1 అన్నా. చేతి గోలు తీసేయండి, ఎంత మిగిలింది? 1–1. అప్పుడు కాలు ఒక్కటీ గెలిపించేది కాదు.

తలకోన (7:40)
2010లో ఘనా మీద ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోలు గీత మీద చేత్తో ఆపింది ఎవరూ రాయలేదే? రెడ్ కార్డు పడింది, జ్యాన్ పెనాల్టీ పైకమ్మీకి తగిలింది, చివరికి షూటౌట్‌లో ఉరుగ్వే గెలిచింది. నాకు పద్యం రాదు కాబట్టి అడుగుతున్నాను. ఇంకో మాట, ఆట ‘ఆడతాం’ గానీ ‘చేస్తామా’?

నిర్వాహకుడు (7:52)
సరైన చోటే పట్టుకున్నారు. ‘ఆడు నాట’ అనాలి. ‘చే’కి యతి కోసం ‘జేయు’ వేశాను. తప్పు సమస్య ఇచ్చినవాడిది, పూరించిన వాళ్లది కాదు. సువారెజ్ మీద పద్యం రాయమంటే నాకు చేతులు రావు. ఘనా వాళ్ల కన్నీళ్లు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

కపిలతీర్థం (8:15)
కరెంటు పోయింది. ఇన్వర్టరు టీవీ కోసం అట్టిపెట్టి చీకట్లో కూర్చుని రాశాను.

వాన చీకటిఁ గూర్చుండి వరదుఁ దలఁచి
పదము లివి యంచుఁ జూపెడి పాణిఁ గంటి;
కాలి కండగ నిలిచిన కరుణ యదియె;
చేయి గెలిపించెఁ గాలితోఁ జేయు నాట.

అలిపిరి మెట్టు (8:19)
అబ్బా! స్వామి కుడిచెయ్యి తన పాదాలను చూపిస్తుంది కదా! చిన్నప్పటి నుంచి చూస్తున్న చెయ్యి, కాలి ఆటకు ముడిపెట్టాలని నాకు తోచలేదు.

నీవానది (8:27)
నేను మనసులో దాచుకోకుండా చెప్తాను. ఈ పూట పద్యం ఇదే. గోల్‌కీపర్ చెయ్యి, మోసం చేసిన చెయ్యి ఎవరికైనా తడతాయి. తిరుపతిలో పుట్టినవాడికే ఈ చెయ్యి తడుతుంది. ‘గెలిపించె’ అని భూతకాలం ఒక్కటే నన్ను భయపెడుతోంది. ఆట మొదలు కాకుండానే మొక్కు తీర్చేసినట్టుంది. ఇక బ్రెజిల్ చూద్దాం.

అలిపిరి మెట్టు (రాత్రి 11:25)
బ్రెజిల్ పోయింది. ఎక్స్‌ట్రా టైంలో నెయ్‌మార్ గోలు వేశాక అయిపోయిందనే అనుకున్నాను. 117వ నిమిషంలో క్రొయేషియా పెట్‌కోవిచ్ సమం చేశాడు. షూటౌట్‌లో రోడ్రిగో తన్నిన మొదటి బంతినే వాళ్ల గోల్‌కీపర్ లివాకోవిచ్ ఆపాడు, మార్కిన్యోస్‌ది కమ్మీకి తగిలింది. జపాన్ మీద షూటౌట్‌లో మూడు ఆపిన చెయ్యే ఇది. చేతులు చల్లబడ్డాయి. ఇంకో గంటలో మెస్సీ.

తలకోన (11:38)
సమస్యలో చెయ్యి ఎవరిదో చెప్పలేదు. నెదర్లాండ్స్ గోల్‌కీపర్ నోపెర్ట్ 203 సెంటీమీటర్లు. అది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

నీవానది (11:50)
మన అర్జెంటీనా వైపు గోల్‌కీపర్ మార్టినెజ్ ఉన్నాడు. పోయిన ఏడాది కోపా అమెరికా సెమీఫైనల్ షూటౌట్‌లో కొలంబియా మీద మూడు ఆపాడు. అయినా నాకూ కడుపులో తిప్పుతోంది. మెస్సీకి 35 ఏళ్లు. ఇవాళ పోతే మళ్లీ ఎప్పుడని?

కపిలతీర్థం (12:08)
నీవానది గారూ, నిద్ర రాక మీ మూడో పాదం పట్టుకు కూర్చున్నాను. ఇలా అంటే ‘రొండు’ అక్కర్లేదు, యతీ నిలుస్తుంది:

రెండు తన్నుల నాపె నా రేయి యతఁడు

నీవానది (12:14)
రొమేరో పేరు పోయింది, అయినా పాదం నా దానికన్నా బాగుంది. తీసుకుంటున్నాను. పేరు లేదు కాబట్టి ఒక్క అక్షరం మారుస్తాను, మన్నించండి:

రెండు తన్నుల నాపె నీ రేయి యతఁడు

కపిలతీర్థం (12:17)
మీరూ భూతకాలమే వేశారు.

నీవానది (12:18)
వేశాను. ఉండనివ్వండి.

అలిపిరి మెట్టు (12:26)
కరెంటు వచ్చింది. జట్లు మైదానంలోకి వస్తున్నాయి.