అంత ప్రచారం చేసినా ‘బ్లడ్ మనీ’ ఎందుకు అమ్ముడుపోలేదు?

ప్రశ్న

మాబ్ డీప్ (న్యూయార్క్ ర్యాపర్లు హావోక్, ప్రాడిజీల జంట) 1995లో లౌడ్ రికార్డ్స్ ద్వారా తెచ్చిన ‘ది ఇన్‌ఫేమస్’, 1999లో తెచ్చిన ‘మర్డా మ్యూజిక్’ నాకు ఇష్టమైన గ్యాంగ్‌స్టా ర్యాప్ (నేరాలు, వీధి జీవితం గురించిన ర్యాప్) ఆల్బమ్‌లు. వీటిలో రెండవదాని పాటలు విడుదలకు చాలా ముందే బయటికి పొక్కి, దొంగ ప్రతులుగా న్యూయార్క్ అంతటా తిరిగాయి. అయినా ఆ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్ అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 3వ స్థానంలో మొదలై, తర్వాత ప్లాటినం (పది లక్షల ప్రతుల) గుర్తింపు పొందింది. 2005లో ఇదే జంట ర్యాపర్ 50 సెంట్ నడిపిన జీ-యూనిట్ లేబుల్ (రికార్డు సంస్థ)లో చేరింది. అప్పటికి పెద్ద రికార్డు సంస్థ ఇంటర్‌స్కోప్ అండదండలున్న ఆ లేబుల్‌కు ర్యాప్‌లో ఎదురులేదు. 50 సెంట్ తొలి మేజర్ లేబుల్ ఆల్బమ్ 2003లో మొదటి వారమే 8,72,000 ప్రతులు అమ్ముడుపోయింది. అలాంటి లేబుల్ నుంచి 2006 మే 2న ఈ జంట ఆల్బమ్ ‘బ్లడ్ మనీ’ విడుదలైతే, మొదటి వారంలో సుమారు 1,06,000 ప్రతులు మాత్రమే అమ్ముడుపోయాయి. వీడియోలు వచ్చాయి, రేడియోలో పాటలు వినిపించాయి, 50 సెంట్ స్వయంగా వెంట నిలిచాడు. లోపం ప్రచారంలో ఉందా, ఆల్బమ్‌లో ఉందా, లేక కాలమే మారిపోయిందా?

మొదటి జవాబు

పోలికలోకి దిగే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ప్లాటినం గుర్తింపు అప్పట్లో దుకాణాలకు పంపిన ప్రతులను బట్టి ఇచ్చేవారు, పైగా అది నెలల తరబడి పోగైన మొత్తం. మీరు చెప్పిన 1,06,000 మాత్రం సౌండ్‌స్కాన్ లెక్క, అంటే కౌంటర్ దగ్గర బార్‌కోడ్ చదివినప్పుడు నమోదైన ఒక్క వారపు అమ్మకం. దుకాణాలు అమ్ముడుపోని సీడీలను తిరిగి పంపే వీలుండేది కాబట్టి ఈ రెండు అంకెలనూ ఒకే త్రాసులో తూచలేము.

ఆ సంగతి అలా ఉంచితే, కాలం మారిందన్న మీ అనుమానంలో నిజముంది. అమెరికాలో 2000లో 78.5 కోట్ల ఆల్బమ్‌లు అమ్ముడుపోగా, 2006 నాటికి ఆ సంఖ్య 58.8 కోట్లకు పడిపోయింది. 1999లో 3వ స్థానానికీ 2006లో 3వ స్థానానికీ విలువ ఒకటి కాదు. 2003 ఏప్రిల్‌లో ఐట్యూన్స్ స్టోర్ తెరుచుకున్న తర్వాత, నచ్చిన ఒక్క పాటను 99 సెంట్లకు కొనుక్కునే వీలు కలిగింది. ఒక్క పాట కోసం సీడీ మొత్తం కొనక తప్పని రోజుల్లో రేడియో ప్రచారం ఆల్బమ్‌నే అమ్మేది. ఆ తర్వాత అదే ప్రచారం పాటను అమ్మి ఊరుకుంది. నా దృష్టిలో అసలు కారణం ఇదే, తక్కినవన్నీ దీని తర్వాతే.

రెండవ జవాబు

సంత మొత్తం కుదించుకుపోయిన మాట నిజమే కానీ, ఆ వివరణ ఇక్కడ చాలదు. ‘బ్లడ్ మనీ’ కంటే అయిదు వారాల ముందు, 2006 మార్చి 28న అట్లాంటా ర్యాపర్ టి.ఐ. ఆల్బమ్ ‘కింగ్’ విడుదలై మొదటి వారంలో 5,22,000 ప్రతులు అమ్ముడుపోయింది. అదే సంవత్సరం, అదే ఐట్యూన్స్, అవే దొంగ ప్రతులు, ఇందులోనూ మాదకద్రవ్యాల వ్యాపారం, వీధి జీవితం గురించిన మాటలే. ఒకరి సరుకు అయిదు రెట్లు పోయినప్పుడు, రెండవవారి నష్టాన్ని సంత మీదికి నెట్టడం సరికాదు.

తేడా ఎక్కడుందంటే, టి.ఐ. చెప్పే కథకూ అతని చుట్టూ ఉన్న అట్లాంటాకూ మధ్య అతుకు కనిపించదు. అతను ప్రధాన పాత్ర వేసిన అట్లాంటా నేపథ్యపు సినిమా కూడా అదే వారంలో విడుదలైంది. ఆ రోజుల్లో ర్యాప్ కేంద్రమే దక్షిణాదికి జరిగింది. మాబ్ డీప్ బలం వేరు: ‘ది ఇన్‌ఫేమస్’ వింటే న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ సర్కారీ గృహ సముదాయపు మెట్ల దారుల చలి, అనుమానం, ఎవరినీ నమ్మలేని చూపు వినబడతాయి, ఎక్కువ భాగం హావోక్ సొంతంగా కట్టిన ఆ మసక శబ్దం వల్ల. ఆ శబ్దాన్ని ప్రేమించిన శ్రోతకు, ఆ ఇద్దరూ జీ-యూనిట్ హంగులో, 50 సెంట్ పక్కన పార్టీ పాటలు పాడుతూ కనిపించేసరికి ఎవరో కొత్తవారిని చూసినట్టయింది. జీ-యూనిట్ అభిమానికేమో వీళ్లు తర్వాత వచ్చి చేరినవాళ్లు. ఇలా రెండు వైపులా ఎవరూ పూర్తిగా తమవారు కాకుండా పోయారు.

దీనికి తోడు 2001లో సమ్మర్ జామ్ అనే సంగీత కచేరీ వేదిక మీద, ప్రాడిజీ చిన్ననాటి నాట్య దుస్తుల ఫొటోను మరో ర్యాపర్ జే-జీ తెర మీద వేసి చూపించాడు. ఒక పిల్లవాడు నాట్యం నేర్చుకోవడంలో తప్పేముందని మనం అనుకోవచ్చు (నేనూ అలాగే అనుకుంటాను), కానీ కరుకుదనమే పెట్టుబడిగా ఉన్న కళలో ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. అదే ఏడాది చివర వచ్చిన మాబ్ డీప్ ఆల్బమ్ గోల్డ్ (అయిదు లక్షల ప్రతుల) గుర్తింపు దగ్గర ఆగింది. అంటే జీ-యూనిట్‌లో చేరేనాటికే వారి దారి కిందికి ఉంది.

ప్రశ్న అడిగినవారు

టి.ఐ. ఉదాహరణ నేను ఊహించనిది, ధన్యవాదాలు. అయితే 50 సెంట్ పాటకు మాబ్ డీప్‌తో చేసిన రీమిక్స్ 2005లో అమెరికా పాటల పట్టిక హాట్ 100లో 6వ స్థానం దాకా వెళ్లింది కదా. అంత పెద్ద హిట్ ఆల్బమ్‌కు ఎందుకు ఉపయోగపడలేదు?

మూడవ జవాబు

ఆ హిట్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. పాట 50 సెంట్‌ది, మొదట వచ్చింది అతని ఆల్బమ్‌లో, పల్లవి అతని గొంతులో. రేడియోలో విన్నవాడికి గుర్తుండేది ఆ పల్లవే. మధ్యలో ఎవరెవరు ర్యాప్ చేశారో గుర్తుపెట్టుకునేవారు ముందునుంచీ అభిమానులే అయి ఉంటారు. ఆ పాటకూ మే నెలలో వచ్చిన ఆల్బమ్‌కూ మధ్య చాలా నెలల ఎడం ఉంది, వాటిని కలిపే తాడు లేదు.

లేబుల్ చేసే ప్రచారం స్వభావమే అంత. రేడియోకు నప్పే ఒక పాటను ఎంచి, దాన్ని ప్లేలిస్ట్‌లోకి ఎక్కించడానికి ప్రమోటర్ల మీద ఖర్చు పెడతారు, వీడియో తీస్తారు, పెద్ద దుకాణాల్లో ముందు అరలో స్థలం కొంటారు. ఈ ఖర్చులో కొంత భాగం కళాకారుడి రాయల్టీ ఖాతాలోంచే మినహాయిస్తారు కాబట్టి, అమ్మకాలు సరిపోకపోతే అతని చేతికి ఏమీ రాదు. రేడియోకు నప్పే పాట మెత్తగా, పార్టీకి తగినట్టుగా ఉండాలి. గ్యాంగ్‌స్టా ర్యాప్ కొనేవాడికి కావలసింది అది కాదు. అంటే లేబుల్ ఎంత గట్టిగా ప్రచారం చేస్తే, అసలు కొనేవాడికి ఆ ఆల్బమ్ అంతగా తనది కాదనిపించే ప్రమాదముంది. ఇక అప్పట్లో అమెరికాలోకెల్లా ఎక్కువ సంగీతం అమ్మిన వాల్‌మార్ట్ దుకాణాల గొలుసు, పేరెంటల్ అడ్వైజరీ (పిల్లలకు తగని మాటలున్నాయన్న హెచ్చరిక) స్టిక్కరున్న సీడీలను అమ్మేది కాదు. అక్కడ దొరికేది మాటలు కత్తిరించిన ప్రతి మాత్రమే.

దీనికి విరుద్ధంగా నడిచిన దారి అట్లాంటా ర్యాపర్ యంగ్ జీజీది. 2005 జనవరిలో డీజే డ్రామాతో చేసిన మిక్స్‌టేప్ (పెద్ద లేబుల్ ద్వారా కాకుండా విడిగా పంచే పాటల సంకలనం) అతన్ని దక్షిణాది అంతటా మోసింది. జులైలో తొలి మేజర్ లేబుల్ ఆల్బమ్ వచ్చినప్పుడు మొదటి వారం అమ్మకం 1,72,000. ‘బ్లడ్ మనీ’ కంటే ఎక్కువే కానీ టి.ఐ. దరిదాపుల్లో లేదు. అయినా అది ఆ తర్వాత కూడా ఆగకుండా అమ్ముడై ప్లాటినం అయింది. మొదటి వారాన్ని డబ్బుతో కొంత పెంచవచ్చు. రెండవ నెల అమ్మకం మాత్రం విన్నవాడు మరొకడికి చెబితేనే జరుగుతుంది. ‘బ్లడ్ మనీ’ విషయంలో విన్నవారు చెప్పుకున్నది పాటల గురించి కాదు, ఆ జంట జీ-యూనిట్‌లో ఎందుకు చేరిందన్న దాని గురించే.