ఈ వారం ఏ రికార్డు వింటున్నారు? నా ప్లేయరులో శ్రుతి దిగిపోతోంది

కడప హార్మోనియం:

అందరికీ నమస్కారం. ఎవరెవరు ఏం వింటున్నారో చదవడానికి రోజూ రాత్రి ఇటు వస్తుంటాను. ఈసారి నా వంతు, ఒక సమస్యతో సహా.

డల్లాస్‌లో ఉంటున్న మా బావ మొన్న ఊరికి వస్తూ తన పాత రికార్డు ప్లేయరునూ ఆరు ఎల్పీలనూ బట్టల మధ్య చుట్టి తెచ్చి ఇచ్చాడు. వాటిలో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఉంది. పదేళ్ళుగా ఫోనులో విన్న సంగీతం అది. 230 వోల్టులను 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. పిల్లలు పడుకున్నాక ముల్లు దించాను.

మొదటిది 'సో వాట్'. పాల్ చేంబర్స్ బేస్ మీద ఏదో అడిగినట్టు వాయిస్తాడు, తక్కినవారు రెండే దెబ్బల్లో బదులిస్తారు. ఆ బదులు వినపడగానే నా మనసు చివుక్కుమంది. పాట అదే. కానీ జ్వరంతో లేచినవాడు మాట్లాడుతున్నట్టు ఉంది.

మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె నా దగ్గరే ఉంది, పోయిన ఏడాదే తిత్తికి కొత్త తోలు వేయించి శ్రుతి చేయించాను. దాన్ని ముందు పెట్టుకుని చూశాను. ఫోనులో ఆ పాట రెండు శ్రుతిలో, అంటే తెల్ల మీటల్లో 'సి'ని ఒకటిగా లెక్కపెడితే రెండోదాని మీద, ఉంటుంది. ప్లేయరులో కింది ఏడు మీద నిలిచింది. తొమ్మిది నిమిషాల పైచిలుకు ఉండే పాట దాదాపు పదకొండు పట్టింది. నిమిషానికి 45 చుట్ల వేగం మీద పెడితే మూడు శ్రుతి కూడా దాటి పరుగెత్తింది. బెల్టు మార్చాను, తేడా లేదు. శ్రుతి తప్పిన పాట చెవిన పడితే నాన్న అన్నం ముందు నుంచి కూడా లేచి వచ్చేవారు. నేనూ దీన్ని ఇలా వినలేను. దారి చెప్పండి.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:

బెల్టును వదిలేయండి సార్. తిరిగే పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, గడియారం చూసుకుంటూ మూడు నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. నిమిషానికి 33⅓ చొప్పున సరిగ్గా నూరు రావాలి. ఎన్ని వచ్చాయో రాయండి, మిగతాది అప్పుడు చెబుతాను.

కడప హార్మోనియం:

83. నమ్మకం కుదరక రెండోసారి మా అమ్మాయితో లెక్కపెట్టించాను. మళ్ళీ 83.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:

అనుకున్నదే. మీ ప్లేయరులో ఏసీ సింక్రనస్ మోటారు ఉంది. అది వోల్టును బట్టి కాదు, కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో దాన్ని బట్టి తిరుగుతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకు 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టును దించగలదు గాని హెర్ట్జ్‌ను పెంచలేదు. ఆరింట ఐదు వంతులు, అంటే నూరుకు 83. మీ లెక్క అక్షరాలా సరిపోయింది.

మందు మోటారు మీది పుల్లీలో, అంటే బెల్టును లాగే చిన్న చక్రంలో, ఉంది. 50 హెర్ట్జ్‌కు పనికొచ్చే పుల్లీ ఇప్పుడున్నదానికి 1.2 రెట్లు లావుండాలి. దొరకకపోతే లేత్ పట్టే చోట ఇత్తడితో చేయించవచ్చు. నాది అలా చేయించిందే, పద్నాలుగేళ్ళుగా తిరుగుతోంది. పాత పుల్లీ అడ్డుకొలతను వెర్నియర్ కాలిపర్‌తో తీసుకుని, దానికి బెల్టు మందం కలిపి, 1.2తో గుణించి, మళ్ళీ బెల్టు మందం తీసేయండి. ఇది మరిచిపోయి నేను మొదటి పుల్లీని పాడుచేసుకున్నాను. 33కూ 45కూ రెండు మెట్లుంటాయి, రెంటికీ ఇదే లెక్క. మెట్టు నడుమ కాస్త ఉబ్బుగా ఉండాలి, లేకపోతే బెల్టు జారుతుంది. ఇంకో మాట, 60కి చేసిన మోటారు 50 మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. గంటల తరబడి తిరగనివ్వకండి.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. ఆరింట ఐదు వంతుల వేగానికి శ్రుతి హార్మోనియం మీద, నల్లవీ కలిపి, మూడు మీటల కంటే మరికాస్త దిగాలి. రెండు శ్రుతి పాట ఏడు కిందికి పోవాలి. మీకు ఏడు మీదే నిలిచిందంటే రికార్డులోనే పాట కాస్త పైన ఉన్నట్టు. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో ఆ మొదటి వైపు మూడు పాటలను పట్టిన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. అందుకని సరైన వేగంతో వేస్తే శ్రుతి పైకి వస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా లోకమంతా దాన్ని అలాగే విన్నది. 1992లో మళ్ళీ విడుదల చేసినప్పుడు, అప్పుడే పక్కన నడుస్తూ సరిగా తిరిగిన రెండో యంత్రం టేపు నుంచి తీసుకుని దిద్దారు. మీ బావగారు ఇచ్చింది పాత ముద్రణ అయి ఉండాలి. పుల్లీ మార్చాక మొదటి వైపు మీ హార్మోనియంతో కలవకపోతే పుల్లీని అరగదీయకండి. రెండో వైపుతో సరిచూడండి. అది ఏప్రిల్ 22న పట్టినది, దానికి ఈ దోషం లేదు.

ఇక నేను వింటున్నది బ్లూస్ గాయని బెస్సీ స్మిత్, 'సెయింట్ లూయిస్ బ్లూస్'. 1925 జనవరిది. నా దగ్గరున్నది తర్వాత ఎల్పీగా వేసినది. మైకు లేకుండా బూర ముందు నిలబడి పాడిన పాట. ఆమె ఒక్కో పంక్తి ముగించగానే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్‌తో, అంటే ట్రంపెట్ లాంటి చిన్న బాకాతో, ఆ మాటను అందుకుంటాడు. కింద నిలకడగా పట్టి ఉంచే వాద్యం ఏమిటో తెలుసా? హార్మోనియం. వాయించింది ఫ్రెడ్ లాంగ్‌షా. మీరు తప్పకుండా వినాలి. పద్యానికి మీ నాన్నగారు ఊపిరి ఎలా పట్టేవారో అది వింటుంటే మీకు గుర్తొస్తుందని నా నమ్మకం.

అనంత శ్రోత:

ఈ వారమంతా నాకు జాజ్ కళాకారిణి ఆలిస్ కోల్ట్రేన్. 1971లో వచ్చిన 'జర్నీ ఇన్ సచ్చిదానంద'. ఆమె హార్ప్ (నిలువు తీగల పెద్ద వాద్యం), ఫారో శాండర్స్ సాక్సఫోన్, వెనుక తంబురా. హార్ప్ తీగలను ఆమె ఆ చివర నుంచి ఈ చివరకు నిమిరినప్పుడు పెన్నలో ఇసుక మీద నీరు పాకినట్టుంటుంది. భర్త జాన్ కోల్ట్రేన్ 1967లో పోయాక ఆమె మన దేశం వైపు తిరిగారు. పుట్టపర్తి సత్యసాయి బాబా భక్తురాలు. కాలిఫోర్నియాలో ఆమె నడిపిన ఆశ్రమం పేరు సాయి అనంతం. పుట్టపర్తి 2022 వరకు మా అనంతపురం జిల్లాలోనే ఉండేది కనుక ఈ రికార్డును మా ఊరి బంధువులా చూసుకుంటాను.

కడప సార్, పుల్లీ వచ్చాక మీరు కూడా ఇది వేసి చూడండి. వేగంలో ఏ కాస్త ఊగిసలాట ఉన్నా తంబురా నాదమే ముందు పట్టిస్తుంది.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు:

వేగం గురించి మాట వచ్చింది కనుక. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన రికార్డు నిమిషానికి 16⅔ చుట్లు తిరగాలి. ఎవరు వింటారో తెలియదు కనుక ఒక చుట్టుకు పట్టే 3.6 సెకన్ల కాలాన్ని హైడ్రోజన్ పరమాణువు కొలతలో పైమూత మీద చెక్కారు. అందులో హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ భైరవి ఉంది. అమెరికా బ్లూస్ గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ పాట కూడా ఉంది, అది 1927లో మీ బావగారి డల్లాస్‌లోనే పట్టినది. మాటలు లేవు, మూలుగూ గిటారూ మాత్రమే. ఈ వారం నేను రోజూ వింటున్నది అదే.

కడప హార్మోనియం:

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. లేత్ పట్టే పెద్దాయన ఇత్తడి కడ్డీ నుంచి నా కళ్ళ ముందే పుల్లీ తీశారు. రెండుసార్లు కొలిచి, మూడోసారి నా చేత కొలిపించారు. డబ్బు ఇవ్వబోతే, ఇది దేనికని అడిగారు. పాటకు అన్నాను. సగమే తీసుకున్నారు.

మూడు నిమిషాలకు నూరు చుట్లు. మొదటి వైపు రెండు శ్రుతికి కాస్త పైన నిలిచింది, బురుజు గారు చెప్పినట్టే. తిప్పి రెండో వైపు వేశాను. 'ఆల్ బ్లూస్' మొదలుకాగానే నాన్న పెట్టె మీద ఐదు నొక్కాను. రెండు నాదాలూ ఒకటైపోయాయి. పాట అయ్యేదాకా వేలు తీయలేదు. తిత్తి కొట్టే చెయ్యి నొప్పి పుట్టింది.

బెస్సీ స్మిత్ ఎల్పీ ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?