తుపాకీ అమ్మాలంటే పార్కింగ్ లాట్‌లో కలవడమా, డీలర్ దగ్గరికి వెళ్లడమా?

ఫ్రిస్కో_నాన్న:
మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. సిటిజన్‌ని. 2020లో కోవిడ్ టైమ్‌లో భయపడి షాపులో ఒక 9 ఎంఎం పిస్టల్ కొన్నాను, రెండు మూడు సార్లు రేంజ్‌కి తీసుకెళ్లి కాల్చానంతే, అప్పటి నుంచి లాకర్‌లోనే ఉంది. ఇప్పుడు పెద్దోడికి పదేళ్లు, ఆ లాకర్ చుట్టూ తచ్చాడుతున్నాడు, అమ్మేసేదాకా మా ఆవిడ ఊరుకునేలా లేదు. కొంటానని ఒకాయన వచ్చాడు. ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడాడు కానీ రాత్రి తొమ్మిదింటికి గ్యాస్ స్టేషన్ వెనక కలుద్దాం, క్యాష్ ఇస్తా, కాగితాలేం వద్దు అంటున్నాడు. టెక్సాస్‌లో ఇది లీగలే, టెన్షన్ ఎందుకని ఒక ఫ్రెండ్ అంటాడు. డీలర్ లేకుండా అస్సలు అమ్మొద్దని ఇంకొకడు. మీరేమంటారు?

ప్లేనో_పాతకాపు:
మొదటి ఫ్రెండ్ చెప్పింది చట్టప్రకారం నిజం. ఫెడరల్ లైసెన్సు ఉన్న డీలర్ అమ్మితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలి, అంటే కొనేవాడు తుపాకీ కొనడానికి అర్హుడేనా అని రికార్డుల్లో చూడటం. ఒకే రాష్ట్రంలో ఉండే ఇద్దరు మామూలు మనుషులు అమ్ముకుంటే ఫెడరల్ చట్టం చెక్ అడగదు, టెక్సాస్ కూడా అడగదు. నేను ఇన్నేళ్లలో రెండు అమ్మాను. పగటిపూట, జనం తిరిగే చోట, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు చూసి, అదీ లైసెన్స్ టు క్యారీ కార్డు, అంటే తుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి ఉన్నవాళ్లకే. ఆ కార్డు ఇచ్చే ముందు రాష్ట్రం వేలిముద్రలు తీసుకుని అన్నీ చూస్తుంది కదా. ఒక కాగితం మీద సీరియల్ నంబర్, తేదీ, ఇద్దరి పేర్లు రాసి సంతకాలు పెట్టుకున్నాం. తుపాకీ ఖాళీగా, మ్యాగజైన్ తీసి, పెట్టెలో తాళం వేసి డిక్కీలో ఉండాలి, తూటాలు వేరే సంచిలో. కొన్నిచోట్ల పోలీస్ స్టేషన్ ముందు కొనుగోళ్ల కోసం కేటాయించిన పార్కింగ్ ఉంటుంది కానీ కొన్ని ఊళ్లలో అక్కడ తుపాకులు మాత్రం వద్దంటారు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. రాత్రి గ్యాస్ స్టేషన్ వెనక అన్నాడంటే మాత్రం అతన్ని అక్కడితో వదిలేయండి, దాని మీద చర్చే అక్కర్లేదు.

హ్యూస్టన్_అక్క:
పాతకాపు గారూ, మీరు జాగ్రత్తపరులే, కాదనను. కానీ ఆ కాగితం మీ బీరువాలో ఉంటుంది, పోలీసుల దగ్గర కాదు. రేపు ఆ పిస్టల్ ఎక్కడో నేరంలో దొరికిందనుకోండి, సీరియల్ నంబర్ పట్టుకుని తుపాకుల సంగతి చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వాళ్లు తయారుచేసిన కంపెనీ నుంచి షాపుకి, షాపు నుంచి మొదట కొన్న మనిషి దాకా వస్తారు. ఆ మొదటి మనిషి ఈ ఫ్రిస్కో తమ్ముడే. తర్వాత ఎన్ని చేతులు మారిందో ఏ రికార్డులోనూ లేదు కాబట్టి తలుపు కొట్టేది ఈయన ఇంటికే.

ఇంకొకటి. 2019 ఆగస్టు 31న మిడ్‌ల్యాండ్, ఒడెస్సాలలో ఒకడు రోడ్ల మీద తిరుగుతూ కాల్చి ఏడుగురిని చంపేశాడు. వాడు 2014లో షాపులో కొనబోతే చెక్‌లో ఆగిపోయాడు. తర్వాత ఒక ప్రైవేట్ మనిషి దగ్గర రైఫిల్ కొనుక్కున్నాడు, అక్కడ చెక్ అడిగేవాళ్లే లేరు. అది మన రాష్ట్రమే, మనం అమ్ముకునే పద్ధతే. అప్పటి నుంచి నాకు ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది.

ప్లేనో_పాతకాపు:
అక్కా, ఆ కేసులో అమ్మినవాడు లైసెన్సు లేకుండా వ్యాపారంలా అమ్ముతున్నాడు, ఆ నేరం ఒప్పుకుని రెండేళ్లు జైలు శిక్ష వేయించుకున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్కటి అమ్ముకునేవాడిని అతనితో కలపకండి. 2023 మేలో ఆలెన్ మాల్‌లో కాల్పుల్లో ఎనిమిది మంది పోయారు, అందులో మన హైదరాబాద్ అమ్మాయి ఉంది, ఆ వారం నాకు నిద్ర లేదు. ఆ కాల్చినవాడి తుపాకులన్నీ చట్టప్రకారం సంపాదించినవే అని అధికారులే చెప్పారు. చెక్ ఉంటే అన్నీ ఆగుతాయని ఎలా అంటాం?

హ్యూస్టన్_అక్క:
అన్నీ ఆగవు. ఒడెస్సావాడిని షాపులో మాత్రం ఆపింది కదా. నాకు అది చాలు.

ఇర్వింగ్_బ్యాచిలర్:
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను హెచ్1బీ. మా రూమ్మేట్ గ్రీన్ కార్డ్, వాడి దగ్గర రెండున్నాయి, ఒకటి నాకు అమ్ముతానంటున్నాడు. షాపు కాదు కదా, మనలో మనమే కదా, పర్లేదా?

హ్యూస్టన్_అక్క:
వద్దు బాబూ, దయచేసి వద్దు. గ్రీన్ కార్డ్ అయితే ఫర్వాలేదు కానీ హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువున్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ దాన్ని లాయర్‌ని అడగకుండా సొంతంగా అర్థం చేసుకోవద్దు. 2022లో వచ్చిన ఫెడరల్ తుపాకుల చట్టం తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. నీ వీసా సంగతి సరేసరి.

మీ రూమ్మేట్‌కి కూడా అదే శిక్ష, ఇది చాలామందికి తెలియదు. కొనకూడని మనిషని తెలిసి అమ్మినా, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి అమ్మినా నేరమే. పరాయివాడికి అమ్మినవాడు నాకు తెలియదండీ అనొచ్చేమో. మనవాళ్లలో ఎవరు ఏ వీసా మీద ఉన్నారో, ఎవరి ఐ140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) ఎప్పుడు అప్రూవ్ అయిందో కూడా మనకు తెలుసు, అదే కదా మన వీకెండ్ కబుర్లు. పైగా వీసా మీద ఉన్నవాళ్ల టెక్సాస్ లైసెన్సు మీద లిమిటెడ్ టర్మ్ అని అచ్చువేసి ఉంటుంది. అది చూసి కూడా ఇచ్చాక ఏం చెప్తాడు? నా భయమంతా ముక్కూమొహం తెలియని మనిషి గురించి కాదు, మనవాడే కదా అని అడగకుండా ఇచ్చేయడం గురించి.

ఇర్వింగ్_బ్యాచిలర్:
థాంక్స్ అక్కా. వాడికీ ఇది చూపిస్తాను.

బే_ఏరియా_బావ:
మా కాలిఫోర్నియాలో 1991 నుంచి ప్రైవేట్ అమ్మకం కూడా డీలర్ ద్వారానే, పది రోజులు ఆగాలి. విసుగే, కానీ ఎవరూ పార్కింగ్ లాట్‌లో నిలబడరు. ఇంకో మాట, మీకు ఓక్లహోమా గంట దూరమే కదా, అక్కడి చుట్టాలకి మాత్రం చేతికి ఇవ్వకండి. రాష్ట్రం మారితే టెక్సాస్‌లో కూడా డీలర్ తప్పనిసరి, పిస్టల్ అయితే కొనేవాడి రాష్ట్రంలోని డీలరే ఇవ్వాలి.

ఫ్రిస్కో_నాన్న:
రెండు వారాలైంది, ఏం జరిగిందో చెప్తాను. గ్యాస్ స్టేషన్ ఆయనకి డీలర్ దగ్గర కలుద్దాం, ఫీజు నేనే కడతా అన్నాను. మళ్లీ ఫోన్ ఎత్తలేదు. నాలుగు రోజులకి ఇంకొకాయన దొరికాడు, రిటైర్డ్ టీచర్, ఆయనే ముందు డీలర్ అన్నాడు, ఎందుకంటే లైసెన్సు చూపించి తన అడ్రస్ కొత్త మనిషికి ఇవ్వడం ఆయనకీ ఇష్టం లేదట. నేనా కోణం ఆలోచించనేలేదు. శనివారం పొద్దున షాపులో కలిశాం. ఆయన డీలర్ దగ్గర కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473 నింపాడు, షాపతను చెక్ చేయించాడు, పావుగంటలో అయిపోయింది, 30 డాలర్లు. షాపతను ఒక మంచి మాట చెప్పాడు. చెక్ అయ్యేదాకా నన్ను బయటికి వెళ్లొద్దన్నాడు. పిస్టల్ అక్కడ వదిలి వెళ్లాక కొనేవాడికి చెక్‌లో అనుమతి రాకపోతే, నా వస్తువు నాకు తిరిగివ్వడానికి నేను కూడా ఫారం నింపి చెక్ చేయించుకోవాలట.

ప్లేనో_పాతకాపు:
మంచి పని చేశారు. ఈసారి నేను అమ్మినా డీలర్ దగ్గరికే వెళ్తానేమో, ఆ అడ్రస్ సంగతి బాగుంది. కానీ అందరూ వెళ్లి తీరాలని చట్టం పెడితే మాత్రం నేను ఒప్పుకోను.

హ్యూస్టన్_అక్క:
నేను ఒప్పుకుంటాను. మనిద్దరం దీని మీద ఇంకో రోజు మాట్లాడుకుందాం. తమ్ముడూ, లాకర్‌లో తూటాలేమైనా మిగిలాయా? అవి కూడా ఇంట్లోంచి తీసెయ్.