అప్‌డేట్: షుగర్ గ్రూపులో నంబర్లు దాచడం గురించి

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల తెలుగువాళ్ల షుగర్ గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ కనిపిస్తున్నాయని, దారి చెప్పమని ఇదివరకు అడిగాను. మామూలు వాట్సాప్ గ్రూపులో నంబర్ దాచడం కుదరదని మీరన్నది నిజమే. టెలిగ్రామ్‌కి మారాం.

ఒక్కొక్కరూ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ఫోన్ నంబర్‌లో 'నోబడీ' పెట్టుకోవాలి. అయినా మన నంబర్ ముందే సేవ్ చేసుకున్నవాళ్లకి కనిపిస్తుంది. గ్రూపులో ఎవరినైనా కాంటాక్ట్‌గా చేర్చుకునేటప్పుడు 'షేర్ మై ఫోన్ నంబర్' దగ్గర టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే అక్కడ నంబర్ బయటపడుతుంది.

టాపిక్స్ (ఒకే గ్రూపులో విషయానికో విభాగం) ఆన్ చేసి తిండి, ఇన్సులిన్, రిపోర్టులు విడదీశాం. సేవ్, ఫార్వర్డ్ ఆపేశాం. కానీ ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తే ఆపలేం, కాబట్టి రిపోర్టు మీద పేరు కొట్టేశాకే పెట్టాలి. రీడింగ్ పక్కన పరగడుపునా, తిన్న రెండు గంటలకా అన్నది తప్పనిసరి. అది లేని అంకెకు సలహా చెప్పడం ప్రమాదం.

పైన పిన్ చేసింది ఇది: షుగర్ 70 కంటే తగ్గితే మెసేజ్ పెట్టి కూర్చోవద్దు. ముందు 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే దగ్గర పెట్టుకోవాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.